కుడి వైపు జమ

పందొమ్మిదేళ్లు మా చెరుకు రైతుల సహకార సంఘంలో ఉర్దూలో లెక్కలు రాశాను. ఒక్క పైసా తేడా రాలేదు. తేడా రాలేదు కాబట్టే నా పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, "గుమాస్తా" అని పిలిచి ఊరుకునేవాళ్లు. లెక్కలు తారుమారైన ఏడాది మాత్రం నిజామాబాదు దాకా దశరథం, దశరథం అని ఒకటే కలవరింత. పోనీలెండి, అదీ ఒక రకం కీర్తే.

మా సంఘానికి అధ్యక్షుడు లక్ష్మీరాజం పటేల్. నవీపేట్ నుంచి బోధన్ పోయే దారిలో కనబడే చెరుకులో సగం ఆయనది, మిగతా సగం ఆయన ఇంకా రాయించుకోనిది. కొత్త రాష్ట్రం ఏర్పడిన రెండేళ్లకు, అంటే యాభై ఎనిమిదిలో, ఆయనకు ఉన్నట్టుండి తెలుగు మీద ప్రేమ పొంగుకొచ్చింది. మీటింగులో బల్ల గుద్ది, "ఇగ సంఘం హిసాబ్ మొత్తం తెలుగులనే ఉండాలె" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తీర్మానం కింద ఆయన ఉర్దూలో దస్తఖత్ చేశాడు. ఏం చేస్తాడు పాపం, ఆయనకు తెలుగులో ఓనమాలు కూడా రావు.

ఆ ప్రేమ ఎక్కణ్నుంచి పుట్టిందో వారం తిరక్కుండానే తెలిసింది. ఆయన మేనల్లుడు రాజారాం నిజామాబాదులో రెండోసారి రాసి మెట్రిక్ గట్టెక్కి, ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్నాడు. ఉర్దూ రాదు. ఉర్దూ రానివాడికి పని దొరకాలంటే సంఘంలో ఉర్దూ ఉండకూడదు. అంత సులువైన లెక్క నాకెందుకు తట్టలేదా అని నా మీద నాకే జాలేసింది.

రాజారాం మంచివాడే. దస్తూరి ముత్యాలు కూర్చినట్టుండేది. ఉర్దూ అంకెలు మాత్రం చదవగలడు. బస్సుల మీదా సినిమా టికెట్ల మీదా చూసి నేర్చుకున్నాడట. పేర్లు చదవలేడు. అందుకని పటేల్ నన్ను పిలిపించాడు.

"దశరథం, పోరడు కొత్త పుస్తకం రాస్తడు. నువ్వు పక్కన కూసోని పేర్లు సదువు."

"లెక్కలు కూడ జర నేను సూస్త, పటేల్ సాబ్. రెండు వందల పన్నెండు ఖాతాలున్నయి..."

"నిన్ను అడిగిన్నా? నీ పని పేర్లు సదువుడు. గంతే."

గంతే అన్నాడు కాబట్టి నేనూ గంతే చేశాను. రాజారాం పక్కన స్టూలు వేసుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుని, పాత పుస్తకంలో పేరు చదవడం, మళ్లీ రోడ్డు మీద పోయే చెరుకు బండ్లను లెక్కపెట్టడం. పందొమ్మిదేళ్ల నౌకరీ చివరికి హాజరు పిలిచే పనికి దిగింది. కడుపు మండిపోయింది.

ఇక్కడ చిన్న సంగతి చెప్పాలి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారని మీకు తెలుసు. ఏ లెక్కల పుస్తకంలోనైనా ముందు జమ రాసి, తర్వాత ఖర్చు రాస్తారు. జమ అంటే సభ్యుడు సంఘానికి కట్టింది. ఖర్చు అంటే సంఘం అతనికిచ్చింది. ఉర్దూలో 'ముందు' అంటే కుడి వైపు, కాబట్టి నా పుస్తకంలో జమ కుడి వైపు, ఖర్చు ఎడమ వైపు. నిజామాబాదు నుంచి తెచ్చిన అచ్చు పుస్తకంలో జమ ఎడమ వైపు, ఖర్చు కుడి వైపు. రాజారాం నా పుస్తకంలో కుడి వైపున్న అంకెల్ని తన పుస్తకంలో కుడి వైపు, ఎడమ వైపున్న వాటిని ఎడమ వైపు, గీత కూడా వంకర పోకుండా దించుకుంటూ పోయాడు. అంటే కట్టినవాళ్లంతా తీసుకున్నవాళ్లయ్యారు, తీసుకున్నవాళ్లంతా కట్టినవాళ్లయ్యారు.

నాకు మూడో రోజున తెలిసింది. ఆ రోజు నా ఖాతానే వచ్చింది. "దశరథం, గుమాస్తా" అని నా పేరు నేనే చదువుకుని, ఎట్లా రాశాడో చూద్దామని అటు తిరిగాను. నా డెబ్బై అయిదు రూపాయల పొదుపు ఖర్చు కింద కూర్చుని ఉంది. అంటే నేను సంఘానికి డెబ్బై అయిదు బాకీ! నోరు తెరిచాను. అప్పుడే రాజారాం తల ఎత్తకుండా, "తర్వాతి పేరు, కాకా" అన్నాడు.

తర్వాతి పేరు చదివాను.

ఎందుకు చెప్పలేదని ఇప్పుడు అడిగితే వంద కారణాలు చెప్పగలను. అప్పుడున్నది ఒక్కటే. రానీ, ఇన్‌స్పెక్టర్ రానీ, ఈ ముత్యాలన్నీ చూసి పటేల్ మొహాన ఉమ్మేయనీ, అప్పుడు అందరూ నా దగ్గరికే పరుగెత్తుకు రావాలి అనుకున్నాను. తమాషా చూడ్డానికి డెబ్బై అయిదు రూపాయల టికెట్టు ఎక్కువేం కాదనిపించింది.

జిల్లా నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పటేల్ ఇంట్లో కోడికూర తిన్నాడు, పుస్తకం తిరగేశాడు, "ఎంత అందమైన దస్తూరి!" అని రెండుసార్లు అన్నాడు. ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టి, పాత ఉర్దూ పుస్తకాన్ని అలమారలో పెట్టి తాళం వేయించి వెళ్లిపోయాడు. నేను వాకిట్లో నిలబడి ఆయన జీపుకు దండం పెట్టాను. అప్పటి దాకా తప్పుగా ఉన్నది ఆ టిక్కుతో చట్టమైపోయింది.

ఎవరూ గొడవ చేయలేదా అంటారా? మా సంఘంలో నూటికి ఎనభై మంది తీసుకున్నవాళ్లే. తెల్లారి లేచి చూస్తే అప్పు పోయి జమ వచ్చింది. గొడవ ఎవడు చేస్తాడు? నిజంగా పొదుపు చేసుకున్నవాళ్లు నలభై మంది ఉంటారేమో. "నీకు బాకీ ఉంది" అంటే వాళ్లు గుడ్లు తేలేసి, "ఉంటే ఉంటదేమో" అనుకుంటూ పోయారు. ఉందంటే చటుక్కున నమ్మేది మనవాళ్లు అప్పునొక్కదాన్నే.

అందరికన్నా సంబరపడింది పటేలే. మూడు వేల ఎనిమిది వందల అరవై రూపాయలు ఎరువుల కిందా చెరుకు విత్తనం కిందా వాడుకుని, అయిదేళ్లుగా దాని ఊసెత్తని మనిషి. రాజారాం పోయి, "మామా, మీకు సంఘంల మూడు వేల ఎనిమిది వందల అరవై జమ ఉన్నది" అన్నాడు. ఆయన ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, "ఔ, యాదికొచ్చింది" అన్నాడట. యాదికొచ్చిన వారానికే అందులోంచి అయిదు వందలు తీసి రేడియో కొన్నాడు. సాయంత్రాలు దాన్ని అరుగు మీద పెట్టించి, ఊరికంతా వినిపించేవాడు.

పైగా ఆయనకు నీతి ముంచుకొచ్చింది. బాకీ ఉన్నవాడికి చెరుకు పర్మిట్ ఇవ్వకూడదని సంఘంలో పాత రూలు ఒకటి ఉండేది. పర్మిట్ అంటే ఫలానా రోజు నరికి ఫ్యాక్టరీకి బండి తోలుకు రమ్మనే చీటీ; అది లేని చెరుకును ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవడూ చూడడు. ఆ రూలు ఎప్పుడూ అమలు కాలేదు, ఎందుకంటే అందరికన్నా పెద్ద బాకీదారు అధ్యక్షుడే. ఇప్పుడాయన కడిగిన ముత్యం. "రూలంటే రూలే" అన్నాడు.

ఆ రూలు హన్మవ్వ మీద పడింది.

హన్మవ్వ భర్త పోయిన మనిషి. రెండెకరాల చెరుకు, కాస్త పసుపు. నందిపేట్ ఆమె పుట్టిల్లు. నన్ను అన్నా అంటుంది. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, నిజామాబాదు గంజ్‌లో అమ్మి, ప్రతి ఏడాదీ బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా మా సంఘానికే వచ్చి కట్టేది. ఆమె ఎడ్లలో ఒకటి చచ్చిపోయింది. జత కొనాలని కూడబెడుతోంది. అట్లా నాలుగు వందల పన్నెండు రూపాయలు చేసింది. రాజారాం పుస్తకంలో ఆ నాలుగు వందల పన్నెండూ బాకీ.

శివరాత్రి పోయిన మర్నాడు వచ్చింది. చేతిలో చిన్న రేకు డబ్బా.

"నా పర్మిట్ ఎందుకాపిండ్రు బిడ్డా? పక్క చేన్లోళ్లది నరికి పదిహేను రోజులాయె."

రాజారాం పుస్తకం తెరిచి చాలా మర్యాదగా చెప్పాడు. "నీకు బాకీ ఉన్నదవ్వా. నాలుగు వందల పన్నెండు. కడితే రేపే ఇస్తం."

"గట్లెట్లయితది? నేను పెట్టిన పైసలు నాకే బాకీ ఎట్లయితయి?" అని డబ్బా మూత తీసింది. అందులో చీటీలు, మడత మడతకూ పసుపు మరకలు. అన్నీ నేను ఉర్దూలో రాసిచ్చినవే. రాజారాం ఒకటి తీసి అటూ ఇటూ తిప్పాడు. "ఇందుల అంకెలు నిజమేనవ్వా. నువ్వు తీసుకున్న తారీఖులే ఉన్నయి."

ఆమె నా వైపు తిరిగింది. "దశరథమన్నా, నువ్వు రాసిచ్చిన చీటీలే కదనే. నువ్వన్న చెప్పు."

అన్నాళ్లు నేను ఎదురుచూసిన ఘట్టం అదే. అందరూ నా దగ్గరికి రావాలనుకున్నాను కదా, వచ్చింది. కాకపోతే రావాల్సినవాళ్లు రాలేదు. "నువ్వు ఇంటికి పో చెల్లె. నేను పటేల్‌తోని మాట్లాడత" అని మాత్రం అన్నాను.

"జల్దీ మాట్లాడన్నా. కింది ఆకంత ఎండింది" అంది.

పటేల్ అరుగు మీద రేడియో ముందు కూర్చుని ఉన్నాడు. నేను అంతా చెప్పాను, కుడి ఎడమలు వేళ్లతో చూపించి మరీ. ఆయన మధ్యలో ఆపలేదు. రేడియో గొంతు తగ్గించి, చివరిదాకా విన్నాడు. ఆయనకు మొదటి నుంచీ తెలుసని నాకు అప్పుడర్థమైంది.

"అంటే ఆమెది తప్పు పడ్డది."

"అందరిదీ పడ్డది, పటేల్ సాబ్."

"అందరు నీ దగ్గరికొచ్చి ఏడ్చిండ్రా? ఆమె ఏడ్చింది, ఆమెది సరిజెయ్యి. మిగతాది ముట్టకు." మళ్లీ రేడియో గొంతు పెంచుతూ, "పోరనికి ఈ పని అచ్చిరాలె. వచ్చే నెల నుంచి మల్ల నువ్వే పెద్ద గుమాస్తా. జీతం పది రూపాయలు పెంచుత. సరేనా?" అన్నాడు.

ఇదిగో, ఇక్కడ మీరు నన్ను మెచ్చుకోవాలి. నేను వెంటనే కాదనలేదు. ఇంటికి పోయి, అన్నం తిని, రెండు రోజులు ఆలోచించాను. కాదని జిల్లాకు అర్జీ పెడితే విచారణ తేలేసరికి ఎండాకాలం దాటిపోతుంది, హన్మవ్వ చెరుకు పొయ్యిలోకి కూడా పనికిరాదు. సరే అంటే ఆమెకు ఇవ్వాళే పర్మిట్, నాకు పెద్ద గుమాస్తాగిరీ, పటేల్‌కు రేడియో. మిగతా నలభై మంది పొదుపు గంగలో కలుస్తుంది, అంతే కదా. ఆ 'అంతే కదా' రెండు రాత్రులు నా పక్కలో పడుకుంది. ఆ రెండు రోజులూ కూడా ఎండ బాగానే కాసిందని తర్వాత గుర్తొచ్చింది.

మూడో రోజు సవరణల రిజిస్టరు తీశాను. లెక్కలో తప్పు దొర్లితే దాన్ని చెరపకూడదు, దిద్దకూడదు. ఎర్ర సిరాతో ఒక్క గీత కొట్టాలి, కింద ఉన్నది కనబడుతూ ఉండాలి. సవరణల రిజిస్టరులో ఏం తప్పు, కారణమేమిటి, బాధ్యులెవరు అని మూడు గడులు నింపి, అధ్యక్షుడి దస్తఖత్, సంఘం ముద్ర వేయించాలి. నేను తెలుగులోనే రాశాను. నాకూ తెలుగొచ్చు, ఆ సంగతి ఎవరూ అడగలేదంతే. "ఖాతా నంబరు 140 హన్మవ్వతో సహా, ఈ పుస్తకంలోని 212 ఖాతాలలోనూ ఉర్దూ పుస్తకపు కుడి వైపు జమ, కుడి వైపు ఖర్చుగా ఎక్కినది. అన్ని ఖాతాలూ తిరగవేయవలెను." బాధ్యుల గడిలో "రాజారాం, లేఖరి" అని రాశాను. కార్బన్ పెట్టి నకలు తీశాను.

పటేల్ చేతికిచ్చాను. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, "ఏం రాసినవ్? సదువు" అన్నాడు.

"పేరా, పటేల్ సాబ్? హన్మవ్వ. ఖాతా నంబరు నూట నలభై."

"ఆఁ, అదే" అని ఉర్దూలో దస్తఖత్ చేశాడు. పేర్లు చదవడమే నా పనన్నది ఆయనే కదా, అంతకుమించి నేను చదవలేదు.

ముద్ర వేశాను. పర్మిట్ రాసి, నేనే నడిచిపోయి హన్మవ్వ చేతిలో పెట్టాను. నకలు తీసుకుని నిజామాబాదు బస్సెక్కాను. ఆ అందమైన దస్తూరిని మెచ్చుకున్న ఇన్‌స్పెక్టరు నకలు చూసి మొదట తెల్లబోయాడు. తర్వాత, "నాకు ముందే అనుమానమొచ్చింది" అన్నాడు. మరుసటి వారం తనే వచ్చి అలమార తెరిపించి, రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, తప్పు పట్టుకున్నానని రిపోర్టు రాసుకున్నాడు. నేను అడ్డం చెప్పలేదు. ఆయనకూ పెళ్లాం పిల్లలున్నారు.

పటేల్ బాకీ మూడు వేల ఎనిమిది వందల అరవై, రేడియో అయిదు వందలు కలిపి నాలుగు వేల మూడు వందల అరవై అయింది. ఆయన నా గల్లా పట్టుకున్నంత పని చేశాడు.

"నమ్మి దస్తఖత్ చేస్తే నా గొంతు కోస్తవారా!"

"ఉర్దూల రాస్తె మీరు సదువుకునేటోళ్లే, పటేల్ సాబ్. తెలుగులనే ఉండాలె అన్నది మీరే."

ఈ మాట నేను అరవై మందికైనా చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లలో హన్మవ్వ లేదు.

ఆమె చెరుకు ఫ్యాక్టరీకి పోయిన వారం తర్వాత సంఘానికొచ్చింది. పొదుపు తీసుకోవడానికనుకుని నేను ఎదురుపోయి, "నీ నాలుగు వందల పన్నెండు పైసలతో సహా ఉన్నయి చెల్లె, సూడు" అని పుస్తకం తిప్పి చూపించాను, ఎడమ వైపు, ఎర్ర సిరాతో. ఆమె పుస్తకం వంక చూడలేదు. ఫ్యాక్టరీ తూకం చీటీ తీసి బల్ల మీద పెట్టింది.

"ప్రతిసారి అరవై టన్నులు దిగేదన్నా. ఈసారి యాభై ఒకటి. సెర్కు గుల్ల పడ్డదట. పంతొమ్మిది రోజులు ఎండల నిలవడ్డది కద."

తొమ్మిది టన్నులు. నా బుర్ర నా మాట వినకుండా లెక్క కట్టేసింది. మూడు వందల అరవై రూపాయలు. దాదాపు ఒక ఎద్దు.

"పాపం ఆ పోరనికి తెల్వకపాయె" అందామె. "నీకెప్పుడు తెల్సిందన్నా?"

ఆమె కోపంగా అడగలేదు. అన్న కదా, నిజం చెబుతాడని అడిగింది. ఆమె చీటీలు తెచ్చిన రోజే తెలిసిందని చెప్పవచ్చు. పందొమ్మిదేళ్లలో ఒక్క తప్పు రాయనివాడిని, ఒక్క అబద్ధం చెబితే ఏం పోయింది?

"రాసేటప్పుడే" అన్నాను. "మూడో రోజే."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండు. తూకం చీటీ మడిచి రేకు డబ్బాలో, నా ఉర్దూ చీటీల మీద పెట్టుకుంది.

"మరి ఈ తొమ్మిది టన్నులు ఎటు దిక్కు రాస్తవే? జమ దిక్కా, ఖర్చు దిక్కా?"

డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఈసారి అన్నా అనలేదు.

రాజారాం మూలన కూర్చుని తప్పులకు గీతలు కొడుతున్నాడు, ఒక్కటీ వంకర పోకుండా. ఆ సవరణ పుణ్యమా అని వాడి ఉద్యోగం పోతుందని వాడికి తెలుసు. నేను సవరణల రిజిస్టరు తెచ్చుకుని, బాధ్యుల గడి దగ్గర ఆగాను. వాడి చేతిలోంచి ఎర్ర సిరా కలం తీసుకున్నాను.

"ఇంక తప్పున్నదా కాకా?" అన్నాడు భయంగా.

"ఒకటున్నది" అన్నాను.

"రాజారాం, లేఖరి" మీద ఒక్క గీత కొట్టాను. కింద "దశరథం, గుమాస్తా. మూడో రోజే తెలిసియు చెప్పలేదు" అని రాసి దస్తఖత్ చేశాను. కొట్టేసిన పేరు ఇంకా చదవడానికి వస్తోంది. రూలు అదే, రెండూ కనబడాలి.